దేవుడి గుప్పెడు

"నా నోటితో నువ్వెట్టా మాటిచ్చావురా? నన్నొక్క మాట అడిగావా?"

పున్నమ్మ గొంతు పెంచలేదు. కళ్ళంలో పట్టా మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అంత ఎత్తు మనిషి ఏసోబు, సంఘంలో పెద్ద, ఊళ్ళో పదిమందికీ నచ్చజెప్పేవాడు, కన్నతల్లి ముందు మాత్రం తలగుడ్డ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలా."

మజ్జిగ చెంబుతో వచ్చిన సువార్త కళ్ళం గట్టు మీదే ఆగిపోయింది. ముందు భర్తకివ్వాలో, ముందు అత్తగారికివ్వాలో తేల్చుకోలేక చెంబు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఈ మధ్య ఆ ఇంట్లో మజ్జిగ అందించడం కూడా ఒకళ్ళ పక్షాన చేరడమే అయిపోయింది.

"చిన్న మాటమ్మా," ఏసోబు బతిమాలుడు మొదలెట్టాడు. "రేపు ఆరాధనలో పాస్టరు గారు పిలుస్తారు. లేచి నిలబడి, సంఘం బియ్యం బయటికిచ్చాను, తప్పైంది అంటే చాలు. అక్కడితో అయిపోద్ది. ఆ వెంటనే మన హెప్సీ పెళ్ళి ప్రకటన చదువుతారు. వినడానికి తాడేపల్లి నుంచి వియ్యాలవారు కూడా వస్తన్నారు."

"బయటికా? జైతున్‌బీ ఇల్లు మనకి బయటెట్టా అయిద్దిరా? ఆళ్ళ గోడా మన గోడా ఒకటేగా!"

ఇదీ గొడవ. చెప్పుకుంటే గుప్పెడంత. ఊరంతా చెప్పుకునేసరికి గంపెడయింది.

ఆ పేటలో క్రైస్తవుల ఇళ్ళలో ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేస్తారు. అది దేవుడి గుప్పెడు. నెలకోసారి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారపు ఆదివారం నాడు, ఆడవాళ్ళు ఆ డబ్బాలు చర్చికి తీసుకెళ్ళి గంపలో పోస్తారు. ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలం వేస్తారు. వచ్చిందంతా కొత్త చర్చి కట్టుబడికి.

పక్కింటి మాబు సాహెబు పరుపులు కుట్టి బతికే మనిషి. వానాకాలంలో పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆయన్ని వదిలి భార్య జైతున్‌బీ కూలికి పోలేదు. ఇక ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అప్పటినుంచీ పున్నమ్మ డబ్బా చర్చికి వెళ్ళడం మానేసి గోడ దాటడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని దాచనూ లేదు. స్త్రీల సమాజంలో ఎవరో "మీ డబ్బా ఏదమ్మా?" అని అడిగితే, "మాబు సాహెబు ఇంట్లో ఉంది" అని నిండు సభలో చెప్పింది. అంతే, అంటుకుంది.

పెద్దలు కూర్చున్నారు, తేల్చారు. పున్నమ్మ సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. లేదంటే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఆ ఇంటి పిల్ల పెళ్ళి ప్రకటన కూడా చదవరు. చర్చిలో పెళ్ళి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగాలి. పెళ్ళేమో ఈస్టరు పండగ కాగానే. రేపు మొదటి ప్రకటన పడకపోతే ఇక ఆ ముహూర్తానికి పెళ్ళి లేనట్టే. ఆ వియ్యంకుడు ఎలాంటివాడంటే, ప్రకటన ఒక్క వారం తప్పినా సంబంధమే వద్దనే రకం.

నిన్న ఆ కూటంలోనే ఏసోబు, "మా అమ్మ చేత ఒప్పిస్తాను" అని మాటిచ్చి వచ్చాడు.

"సువార్తా, నువ్వన్నా చెప్పవే," ఏసోబు భార్య వైపు తిరిగాడు.

సువార్తకు నిజంగా ఒళ్ళు మండుతోంది. పట్నంలో, బ్రాడీపేటలో పుట్టి పెరిగి, సండే స్కూలు పాఠాలు పొల్లుపోకుండా నేర్చుకుని, ఈ ఊరొచ్చాక తనే పిల్లలకు ఆ పాఠాలు చెబుతూ, స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఉన్న మనిషి. ఆరాధనకు ఆలస్యంగా వెళ్ళి ఎరగదు. అలాంటిది, ఉన్న ఒక్క పిల్ల పెళ్ళి అత్తగారి పట్టుదల మీద ఆగిపోతుంటే ఎలా ఊరుకుంటుంది?

"అత్తయ్యా, మీ కోసం కాదు, హెప్సీ కోసం. ఒక్క మాట అనేస్తే మీ సొమ్మేం పోతుంది?"

పున్నమ్మ చేతులు ఆగాయి.

"నీక్కూడా అది తప్పనిపిస్తందా అమ్మా?"

సువార్త చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఎందుకడిగానంటే, ఆ గుప్పిళ్ళు తీసింది నీ చెయ్యి. వంట నీదేగా. నేను డబ్బా మోశానంతే."

కళ్ళంలో ఘాటు ముక్కుకెక్కి ఏసోబు పెద్దగా తుమ్మాడు. పున్నమ్మ అప్రయత్నంగా, "దేవుడు చల్లగా చూడాల నాయనా," అంది. సువార్త చెంబు పట్టా మీద మధ్యలో పెట్టి వెనక్కి తిరిగింది.

* * *

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మరియదాసు మాస్టారు వచ్చాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, కట్టుబడి కమిటీకి పెద్ద. చేతిలో గొడుగు, మొహాన గాంభీర్యం. చెడ్డమనిషి అనడానికి వీల్లేదు. కొత్త చర్చి గోడలు లేస్తుంటే రోజూ పొద్దున్నే పోయి తన చేత్తో వాటికి నీళ్ళు కొట్టేవాడు.

"పున్నమ్మక్కా, నేను నీ మీద పగబట్టి రాలేదు."

"పగెందుకు మాస్టారూ. కూచో. అమ్మాయ్ సువార్తా, కాఫీ."

"అందరూ నీలాగే ఎవరికి తోచిన ఇంట్లో వాళ్ళు పోసుకుంటే సంఘం ఏమైద్ది చెప్పు? మన పెద్దలు తాటాకు పాకలో మొదలెట్టారు. గాలివానకి అది ఎగిరిపోతే మళ్ళీ కట్టారు. ఇన్నాళ్ళకి స్లాబు దాకా వచ్చాం. కట్టుబాటనేది లేకపోతే ఇంత దూరం వచ్చేవాళ్ళమా?"

వంటింట్లో సువార్తకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఏమాటకామాటే, కట్టుబాటు లేకుండా ఏ సంఘం నిలబడింది?

"స్లాబు పొయ్యండి మాస్టారూ, ఎవరొద్దన్నారు? ఇటుకలు నేనూ మోశా. గంట మోగితే ఇప్పటికీ నా కాళ్ళు ఇంట్లో నిలవ్వు. కాని ఈ బియ్యం మా అత్త కాలంలో వేలం వేసేవాళ్ళు కాదు. పస్తున్న కొంపకి పంపేవాళ్ళు. నువ్వు కడుపులో ఉండగా మీ నాయన రైలు పనికని పోయి కబురే లేకపోయె. అప్పుడా గంప నేరుగా మీ ఇంటికే..." అని ఆగి, "పోనీలే, అయ్యన్నీ ఇప్పుడెందుకు," అంది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"అది మనలో మనం అక్కా. వాళ్ళు అన్యులు."

"మన ఏసయ్య అట్టా చూశాడా మాస్టారూ? బావి కాడ ఆ పరాయి జాతి సమరయ ఆడమనిషిని నీళ్ళడిగేటప్పుడు నీదే సంఘమని అడిగాడా?"

"నువ్వు బోధ చెయ్యబాకక్కా, దానికి పాస్టరు గారున్నారు." మాస్టారు లేచి నిలబడ్డాడు. "రేపు ఒప్పుకుంటే అందరికీ మర్యాద. నీ కొడుకు మాటకి కూడా మర్యాద."

సువార్త కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి గొడుగు వీధి మలుపు తిరిగిపోయింది. అత్తగారు ఒక్కతే అరుగు మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది.

"చూశావా నాయనా, కాఫీ తాగకుండానే పోయాడు. పంచదార కూడా రెండేయించా. ఆయన మనసు కాస్త చల్లబరచు. మంచోడే. నా మీద కోపంతో అన్నం మానేస్తాడేమో, ఆ సంగతి కూడా చూడు."

పున్నమ్మ ప్రార్థనలు ఇలాగే ఉంటాయి. మోకాళ్ళూనడం, కళ్ళు మూయడం, రాగం తీయడం ఏమీ ఉండవు. తొడిమలు తీస్తూ, గేదెకు కుడితి పెడుతూ ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడుతుంది. మబ్బు పడితే, "ఏం తండ్రీ, కాయ ఆరబోశామని నీకు తెలియదా?" అని కసురుకుంటుంది కూడా. కాపురానికొచ్చిన కొత్తలో సువార్తకు ఇది నవ్వులాటగా ఉండేది, తర్వాత చిన్నతనంగా ఉండేది. ఇవాళ ఎందుకో గ్లాసు చేతిలో చల్లారిపోతున్నా అక్కడే నిలబడి వింది.

* * *

ఎండ వాలుతుండగా జైతున్‌బీ వచ్చింది. రోజూ గోడ మీంచి కేకేసే మనిషి ఇవాళ వీధి గుమ్మంలోంచి వచ్చింది. కొంగు నుదుటి దాకా లాక్కుంది. చంకలో చిన్న మూట.

"వదినా, ఇయ్యి తీసుకో."

"ఏందియ్యి?"

"బియ్యం. పెదకాకాని పొయ్యి మా అన్న బుడే సాహెబు కాడ తెచ్చా. తిన్నయ్యన్నీ ఇయ్యలేను, ఇప్పటికి ఇయ్యి ఉంచు. మీ గుడి బియ్యమని నాకు తెలవదు వదినా. మీ ఇంటి గింజలేననుకున్నా. అల్లా సాక్షి."

అత్తగారి మొహం చూసి సువార్త భయపడింది. ఇన్నాళ్ళూ ఎవరెన్ని అన్నా రాని కోపం ఆ ముసలిదానికి ఇప్పుడు వచ్చింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"బోరింగు కాడ అందరూ అదే మాట. నా మూలాన హెప్సీ పెళ్ళి ఆగిపోద్దంట. ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది వదినా. దాని ఉయ్యాల్లో పరుపు మా ఆయన కుట్టిందే. దాని నోటికాడ కూడు నేను..." జైతున్‌బీ మూట పున్నమ్మ ఒళ్ళో పెట్టబోయింది.

"తియ్యి ముందది! నా ఇంటి గుమ్మంలోకి దాన్ని తెస్తావా? ఇన్నేళ్ళు ఒక గోడకి అటూ ఇటూ బతికి నువ్వు నన్ను తెలుసుకుంది ఇదేనా? నేను నీకిచ్చానా అసలు? ఆయనకిచ్చా. ఆయనకిచ్చింది నువ్వు తెచ్చి నా మొహాన పోస్తే నేనెట్టా పుచ్చుకుంటా? రేపు ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఆయనెవరు?"

"ఇంకెవరే!"

పున్నమ్మ ఆకాశం వైపు చూపించలేదు. గోడవతల, మాబు సాహెబు మంచం ఉన్న వైపు చెయ్యి చూపించింది.

జైతున్‌బీకి అర్థం కాలేదు. సువార్తకు అర్థమైంది. ఆకలిగొన్నవాడికి పెట్టిన ముద్ద ప్రభువుకే పెట్టినట్టని సండే స్కూల్లో ఎన్ని బ్యాచీల పిల్లలకు చెప్పిందో లెక్కలేదు. బొమ్మ గీసి మరీ చెప్పేది. ఆ బొమ్మలో మాబు సాహెబు ఉంటాడని మాత్రం ఏనాడూ అనుకోలేదు. తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే అత్తగారి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"ఇంకో మాట వదినా." జైతున్‌బీ కళ్ళు తుడుచుకుంది. "నిన్న ఈ సంగతి తెలిసిన కాడినుంచి ఆయన ముద్ద ముట్టలా. నోరు తెరవమంటే పళ్ళు బిగబడతన్నాడు. నువ్వొచ్చి చెబితే వింటాడేమో."

పున్నమ్మ లేవబోయింది. మోకాళ్ళు పట్టేశాయి. మళ్ళీ కూలబడి, "నాయనా, ఇప్పుడే పట్టాలా ఇవి?" అని విసుక్కుంది.

"మీరు కూచోండి అత్తయ్యా," అంది సువార్త. "నేను పోతా."

* * *

వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టింది. బియ్యం చేటలో పోసుకోగానే చెయ్యి అలవాటు కొద్దీ గుప్పెడు తీసింది. డబ్బా దగ్గరకు వెళ్ళి ఆగింది. డబ్బాలో వేస్తే అది ఎవరిది? చర్చిదా, గోడవతలదా? ఆ గుప్పెడు తెచ్చి ఎసట్లోనే పోసింది. దానితోపాటు ఇంకో గుప్పెడు కూడా పోసింది.

కంచంలో అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి పెట్టుకుని, పైన విస్తరాకు కప్పి పక్కింటికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో జైతున్‌బీ తమ ఇంట్లోకి ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో. తను ఆ ఇంటి గడప లోపలికి వెళ్ళడం ఎప్పుడో తప్ప లేదని కంచంతో నిలబడ్డాకే తట్టింది.

మాబు సాహెబు నులక మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు దూది ఏకుతుంటే ఆ టంగుటంగు మోత వీధి చివరికి వినిపించేది. ఆ భుజాలు ఇప్పుడు ఎముకలు తేలాయి.

"బాబాయ్, లే. అన్నం తెచ్చా."

"వద్దమ్మాయ్." మాట ఒక పక్కకు జారిపోతోంది. "నా కంచం మూలాన పిల్ల పెళ్ళి... వద్దు."

"ఇది చర్చి బియ్యం కాదు. నేను వండింది. మా ఇంటి నుంచొచ్చిన అన్నం వద్దంటావా?"

ఆయన ఇటు తిరిగాడు. సువార్త పక్కన కూర్చుని ముద్ద కలిపి అందించింది. కాసేపు దాన్నే చూసి నోరు తెరిచాడు. తినడం కష్టంగా ఉంది. ఒక పక్క నుంచి కారుతున్న మెతుకులు ఆమె కొంగుతో తుడిచింది. తనకు ఏవగింపు కలగకపోవడం చూసి తనే ఆశ్చర్యపోయింది.

"మీ అత్త రోజూ వస్తదమ్మాయ్," అన్నాడు ముద్దకీ ముద్దకీ మధ్య. "ఈడ కూచుని నా కాలు పిసుకుద్ది. మీ ఏసయ్యతో మాట్లాడుద్ది. ఈ మాబుగాడి కాలు ఇంకా ఎందుకు బాగుచెయ్యవయ్యా, ఎన్నాళ్ళడగాలని పోట్లాడుద్ది. నాకు నవ్వొస్తది."

"నిన్ను మా చర్చికి రమ్మందా ఎప్పుడన్నా?"

"ఏనాడూ అనలా. నమాజు వేళైతే తనే నన్ను లేపి గోడకి ఆనిస్తది." మాబు సాహెబు కళ్ళు నీళ్ళతో నిండాయి. "ఆ మడిసి రేపు తల వంచకూడదమ్మాయ్. నా మూలాన వంచకూడదు."

సువార్త ఆఖరి ముద్ద అందించింది. ఖాళీ కంచంతో ఇంటికొచ్చేసరికి కూతురు హెప్సిబా రేపటి చీర ఇస్త్రీ చేస్తోంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మా, నాయనమ్మని ఇంకేమీ అనబాక," అంది తల ఎత్తకుండానే.

"నేనేం అనను," అంది సువార్త. అన్నదే గాని, ఆ లేత నీలం చీర చూస్తుంటే గుండె బరువెక్కిపోయింది. ఆ అబ్బాయంటే తన పిల్లకు ఎంత ఇష్టమో తల్లికి తెలియదా?

* * *

ఆదివారం కొత్త చర్చి నిండిపోయింది. పైన స్లాబు ఇంకా పడలేదు, షామియానా కట్టారు. వియ్యంకుడూ వియ్యపురాలూ ముందు వరసలో కూర్చున్నారు. మరియదాసు మాస్టారు జేబులో ప్రకటన కాగితం కనిపిస్తోంది. ఈ నెల బల్ల దగ్గర పాస్టరు గారి వెనక ద్రాక్షారసం గిన్నె పట్టుకుని నడిచే వంతు ఏసోబుది. తెల్లచొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. తల్లి వైపు చూడటం లేదు.

పాస్టరు గారు కుర్రవాడు. వాక్యం బాగా చెబుతాడు. ఇవాళ మాత్రం మైకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మన సహోదరి పున్నమ్మ గారు సంఘంతో ఒక మాట చెప్పాలనుకుంటున్నారు."

పున్నమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. మైకు వద్దంది.

"నేను చెప్పాలనుకోలేదు, చెప్పమన్నారు. సరే, చెబుతా. తప్పు చేశానయ్యా."

సువార్త చటుక్కున తలెత్తి అత్తగారిని చూసింది. ఏసోబు ఊపిరి పీల్చుకోవడం అక్కడినుంచే కనిపించింది.

"తప్పే చేశా. గుప్పెడే ఇచ్చా. ఇంట్లో బస్తాలున్నయ్యి, పక్కింట్లో పస్తులున్నయ్యి, అయినా నేను గుప్పెడు దగ్గరే ఆగా. చేటెడు ఇయ్యాల్సింది. అందుకు మీ అందరి ముందూ నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతన్నా."

అని కూర్చుంది.

చర్చిలో గుసగుస రేగింది. వెనక ఆడవాళ్ళలో ఎవరో "అమ్మో!" అన్నారు. ఎవరో వెక్కి ఏడ్చారు. మరియదాసు మాస్టారు లేచి, "ఇది ఒప్పుకోలు కాదు," అన్నాడు. జేబులో కాగితం మీద చెయ్యి వేసుకుని, దాన్ని బయటికి తీయకుండానే కూర్చున్నాడు. వియ్యపురాలు భర్త చెవిలో ఏదో అడిగింది. హెప్సిబా తల వంచుకుంది.

పాస్టరు గారు నిస్సహాయంగా మాస్టారు వైపు చూసి, పాట ఎత్తుకోమన్నాడు. బల్ల దగ్గరికి ఆహ్వానం పలికాడు. వరసలు వరసలుగా జనం వెళ్ళి మోకరిస్తున్నారు.

పున్నమ్మ కూడా లేచింది.

"అత్తయ్యా," సువార్త చెయ్యి పట్టుకుంది. "మీకు ఇవ్వరు."

"తెలుసు. ఇయ్యకపోతే ఆయన ఈళ్ళదగ్గరే ఉండిపోతాడా? ఊరికే పోయి కూచుంటా. ఆయన బల్ల కాడికి పోకుండా ఎప్పుడున్నా!"

సువార్త ఆవిడను నడిపించుకుని వెళ్ళింది. ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. ముసలావిడ చేతులు చాపింది. మిరపకాయల ఎరుపు ఆ వేళ్ళ సందుల్లోంచి ఎంత కడిగినా పోలేదు. పాస్టరు గారు ప్రభువు రొట్టెగా పంచే అప్పాల పళ్ళెంతో వచ్చి, ఒక్క క్షణం ఆ అరచేతుల ముందు ఆగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని పక్కకు జరిగాడు. సువార్త చేతిలో పల్చటి అప్పం పెట్టాడు.

పున్నమ్మ చేతులు ఇంకా చాపే ఉన్నాయి. ఆవిడ మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏమంటోందోనని సువార్త చెవి ఒగ్గింది.

"ఈ పిల్లోడికి చేతులు వణుకుతున్నయ్యి నాయనా. ఆయన్నేం అనబాక."

ఇక సువార్త వల్ల కాలేదు. వియ్యపురాలు చూస్తోందని తెలుసు. మాస్టారు జేబులో ఏముందో తెలుసు. లేత నీలం చీర కట్టుకుని వెనక కూర్చున్న పిల్ల తెలుసు. అన్నీ తెలిసే తన అప్పాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క అత్తగారి అరచేతిలో పెట్టింది.

పాట తెగిపోయింది. పాస్టరు గారు పళ్ళెంతో ఉన్నవాడున్నట్టే ఆగిపోయాడు. వెనక కుర్చీ ఒకటి కిందపడిన చప్పుడు.

"ఏసోబూ!" మరియదాసు మాస్టారి గొంతు. "గిన్నె వెనక్కి తీసుకురా!"

అప్పటికే ఏసోబు తల్లి ముందుకు వచ్చి ఉన్నాడు. చేతుల్లో ద్రాక్షారసం అంచుల దాకా ఊగుతోంది. పున్నమ్మ తలెత్తి కొడుకును చూసింది.

"నీకు ఇబ్బందైతే పక్కకి జరుగు నాయనా," అంది మెల్లగా. "నేనేం అనుకోను."

ఏసోబు పక్కకూ జరగలేదు, వెనక్కూ పోలేదు. గిన్నె పట్టుకుని తల్లి ముందే నిలబడ్డాడు.